ఆఫ్రికాలో భూములు పోయిన చరిత్రను పఠనవర్గంలో చదవడమెలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఒక పద్ధతి

రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో సెలవురోజు సాయంత్రం ఏ బడి వరండాలోనో, గ్రంథాలయంలోనో కూడి ఒక విషయాన్ని పట్టుగా చదువుకోవాలనుకునే తెలుగువారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. వలసపాలనలో ఆఫ్రికా జనులు భూములు పోగొట్టుకున్న చరిత్రను చేపట్టిన వర్గం సాధారణంగా మొదటి సాయంత్రమే ఖండమంతా చుట్టివచ్చి, ఐరోపా రాజ్యాలు ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు పెట్టుకున్న 1884-85 నాటి బెర్లిన్ సమావేశంతో మొదలుపెట్టి, తెల్లవాళ్ళు దోచుకున్నారన్న మాట దగ్గర అందరూ తలలూపి, టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోతుంది. ఆ మాట అబద్ధమేమీ కాదు గాని, దానివల్ల కొత్తగా తెలిసేదీ లేదు. తుపాకీ పని ముగిశాక ఆ భూమిని తరతరాలు పట్టి ఉంచింది ఒప్పందం, సర్వే, పన్ను, కౌలు, తీర్పు అనే కాగితాలే కాబట్టి, వాటిని ఒకదాని వెంట ఒకటిగా చదవడమే నేను సూచించే పద్ధతి.

ఇందుకు నాలుగు సమావేశాలు చాలు. ఒకే దేశాన్ని, అందులోనూ ఒకే జనసమూహాన్ని పట్టుకోవాలి. మిగతా దేశాలను దానితో పోల్చుకోవడానికి మాత్రమే తీసుకోవాలి. మొదటిసారి చదివేవారికి కెన్యా మంచిదని నా అభిప్రాయం. అక్కడి పాలనకు వాడిన సరంజామాలో చాలాభాగం మన దేశం నుంచే వెళ్ళింది కనుక మనకు ఆ కాగితాల భాష కొంత పరిచయమైనదే. నేటి కెన్యాను తూర్పు ఆఫ్రికా రక్షితరాజ్యంగా (ప్రొటెక్టరేట్) బ్రిటన్ 1895లో ప్రకటించింది; 1896లో మొంబాసా నుంచి రైలు మార్గం మొదలై 1901కి విక్టోరియా సరస్సు చేరింది. ఆ మార్గానికి కావలసిన భూమి తీసుకోవడానికి 1894 నాటి మన భూసేకరణ చట్టాన్నే అక్కడ వర్తింపజేశారు. అదే చట్టం మన దగ్గర 2013 చివరి దాకా నడిచిన సంగతి, దాని కింద నోటీసులు అందుకున్న కుటుంబాలున్న మన జిల్లాల్లో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటి సమావేశం: రెండు ఒప్పందాలు, ఒక తీర్పు

మాసాయి పశుపాలకుల కథను మూడు కాగితాలతో చదవవచ్చు. మొదటిది 1904 ఒప్పందం. రిఫ్ట్ లోయలో నైవాషా, నకూరు ప్రాంతాల్లోని మేత భూములను వదిలి మాసాయిలు రెండు చోట్లకు తరలాలని, ఒకటి ఉత్తరాన లైకీపియా పీఠభూమి, రెండోది రైలు మార్గానికి దక్షిణాన అని అందులో ఉంది. రెండింటినీ కలుపుతూ అర మైలు వెడల్పున దారి విడిచిపెడతామన్న షరతు కూడా ఉంది. మాసాయి జాతి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నిలిచి ఉంటుందని ఆ కాగితమే చెబుతోంది. రెండోది 1911 ఒప్పందం. దాని ప్రకారం లైకీపియా కూడా ఖాళీ చేసి అందరూ దక్షిణానికి పోవాలి. జాతి ఉన్నంతకాలమన్న మాట ఏడేళ్ళు నిలిచింది.

ఈ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒకరు ఇంగ్లీషులో చదువుతుండగా మరొకరు తెలుగులో చెప్పాలి. వర్గంలో ఒడియా మాత్రమే వచ్చినవారుంటే మూడోవారు ఒడియాలో చెప్పాలి. తొందరపడకూడదు. ప్రతి షరతు దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎవరి తరఫున రాసింది, సంతకం చేసినవారికి ఆ అధికారం ఎవరిచ్చారు, మాట తప్పితే ఎవరి దగ్గరకు పోవాలి. రెండో ప్రశ్నకు జవాబు వెదికితే ఒలోనానా అనే మతపెద్ద కనబడతాడు. ఆయనను మాసాయిలందరికీ అధిపతిగా గుర్తించింది బ్రిటిష్ అధికారులే. మాసాయిల్లో మతపెద్దకు గౌరవం ఉంటుంది గాని, భూమిని ఇచ్చివేసే అధికారం ఉండదు. మన ఏజెన్సీలో ముఠాదార్లకు, జమీందార్లకు పట్టాలూ సనదులూ ఇచ్చిన తీరు తెలిసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు.

మూడో ప్రశ్నకు జవాబు మూడో కాగితంలో ఉంది. లైకీపియా వదలడానికి ఇష్టపడని మాసాయిలు వకీళ్ళను పెట్టుకుని 1913లో కోర్టుకెక్కారు. కోర్టు చెప్పినదాని సారాంశం ఇది: ఇది రక్షితరాజ్యమే గాని బ్రిటిష్ భూభాగం కాదు, మాసాయిలు బ్రిటిష్ ప్రజలు కారు, కాబట్టి ఆ ఒప్పందాలు రెండు రాజ్యాల మధ్య సంధులు, సంధి ఉల్లంఘన మీద స్థానిక న్యాయస్థానం విచారణ చేయజాలదు. అప్పీలు కూడా వీగిపోయింది. ఇప్పుడు 1902 నాటి ప్రభుత్వ భూముల శాసనాన్ని ఈ తీర్పు పక్కన పెట్టి చూడమనండి. ఆ శాసనం కింద అదే రక్షితరాజ్యంలో ప్రభుత్వం వలస రైతులకు భూములు అమ్ముతూ, 99 ఏళ్ళ కౌళ్ళకు ఇస్తూ వచ్చింది. 1915 శాసనం ఆ గడువును 999 ఏళ్ళకు పెంచి, ఆఫ్రికన్లు నివసిస్తున్న భూములను కూడా ప్రభుత్వ భూముల లెక్కలోనే చేర్చింది. భూమి అమ్ముకోవడానికి అది బ్రిటన్ సొత్తు, ఫిర్యాదు వినడానికి మాత్రం పరాయి దేశం. వర్గం ఈ పొసగని జంటను తనంతట తాను కనిపెట్టేదాకా నిర్వాహకుడు నోరు విప్పకూడదు. నా దృష్టిలో మొదటి సమావేశానికి ఇంతకుమించిన పని లేదు.

రెండో సమావేశం: భూమి పోయాక మనిషి ఎక్కడికి పోయాడు

సాగు చేయడానికి చేతులు లేకపోతే వలస రైతుకు భూమి దండగ. అందువల్ల భూమి శాసనం వెనుకనే పన్ను శాసనం, దాని వెనుకనే కూలి శాసనం వస్తాయి. ఏ దేశపు కథ చదివినా ఈ మూడింటినీ కలిపి చదవాలి. కెన్యాలో 1901 నుంచి గుడిసె పన్ను వసూలు చేశారు. అప్పట్లో అక్కడ చెలామణి అయినది మన రూపాయే, కాబట్టి పన్ను లెక్క కూడా రూపాయల్లోనే. మేకనో జొన్నలనో ఇచ్చి బతికే మనిషికి రూపాయి దొరకాలంటే ఎవరి పొలంలోనో కూలికి పోవాలి. దక్షిణ రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, 1894లోనే గుడిసెకు 10 షిల్లింగుల పన్ను విధించారు. మన శిస్తుకూ దీనికీ తేడా ఉంది. శిస్తు పంట మీద రాబడి కోసం పుట్టింది. ఇక్కడ ఖజానా నింపుకోవడంతో పాటు మనిషిని ఇంటి నుంచి కదల్చడం కూడా పన్ను ఉద్దేశమేనని అధికారులు దాచుకోకుండా చెప్పుకున్నారు.

కెన్యాలో 1918 నాటి శాసనం ప్రకారం, తెల్లవారి కమతాల్లో గుడిసె వేసుకుని నాలుగు కుంచాలు పండించుకునే ఆఫ్రికన్ కుటుంబం ఏడాదికి 180 రోజులు ఆ యజమానికి పనిచేయాలి. ఎన్నో చోట్ల ఆ కమతం ఆ కుటుంబం పూర్వీకులదే. 1920 నుంచి పదహారేళ్ళు దాటిన ప్రతి ఆఫ్రికన్ మగవాడూ కిపాండే అనే కాగితాన్ని వెంట ఉంచుకోవాలి. వేలిముద్రలు, ఏ యజమాని దగ్గర ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడిచాడు, ఎంత కూలి అన్నవి అందులో ఉంటాయి. ఆ కాగితాన్ని చిన్న లోహపు డబ్బాలో పెట్టి తాడుతో మెడకు కట్టుకునేవారు. యజమాని సంతకం లేకుండా పని వదిలినవాడు ఆ డబ్బా మూలంగానే పట్టుబడేవాడు. ఈ సమావేశంలో ఒక ఖాళీ కాగితం మీద కిపాండే గళ్ళు గీసి, వర్గంలోని ప్రతివారినీ ఒక ఊహాజనిత కూలి పేరుతో పదేళ్ళ వివరాలు నింపమనాలి. నింపుతుండగా అర్థమయ్యే సంగతి ఉపన్యాసంలో అర్థం కాదు: ఆ మనిషి జీవితంలో తన భూమి గురించి రాసుకోవడానికి అందులో ఒక్క గడి కూడా లేదు.

శాతాలను చదివే తీరు

అంకెలను గురించి ఒక హెచ్చరిక. దక్షిణాఫ్రికాలో 1913 జూన్ 19న అమలుకు వచ్చిన స్థానికుల భూముల చట్టం, దేశ జనాభాలో అత్యధికులైన ఆఫ్రికన్లకు సుమారు 7 శాతం నేలను మాత్రమే మిగిల్చింది. 1936 చట్టం దాన్ని 13 శాతం వరకు పెంచుతామంది. దక్షిణ రొడీషియాలో 1930 నాటి భూముల పంపిణీ చట్టం కొద్దిమంది తెల్లవారికి దేశంలో సగం భూమి కేటాయించింది. ఈ శాతాలు విన్నవారు అబ్బురపడి అక్కడే ఆగిపోతారు. ఏ సగం అని అడగాలి. గోడ మీద పటం తగిలించి, ముందు రైలు మార్గం గీయాలి, తరువాత వానలు బాగా పడే ఎత్తైన నేలలను రంగుతో నింపాలి, ఆ పైన ఆఫ్రికన్లకు విడిచిన రిజర్వులను గుర్తించాలి. దక్షిణ రొడీషియాలో 1893 యుద్ధం తరువాత న్డెబెలే జనులకు కేటాయించిన గ్వాయ్, షంగాని రిజర్వులు నీరు తక్కువైన, పశువులకు ప్రాణాంతకమైన త్సెత్సే ఈగ ఉన్న నేలలని పటమే చెబుతుంది. నౌపడ నుంచి గుణుపురం దాకా రైలు పడ్డాక ఆ దారిపొడుగునా పొలాల ధర ఎందుకు మారుతుందో తెలిసినవారికి ఈ పటం చదవడం నేర్పనక్కరలేదు.

అయితే ఖండమంతా ఇలాగే జరిగిందనుకోవడం తప్పు. పశ్చిమాఫ్రికాలో తెల్ల రైతుల వలసలు పెద్దగా లేవు. గోల్డ్ కోస్టులో, అంటే నేటి ఘనాలో, భూములను ప్రభుత్వపరం చేసే బిల్లుకు వ్యతిరేకంగా 1897లో కేప్ కోస్ట్ పట్టణంలో ఆదిమవాసుల హక్కుల పరిరక్షణ సంఘం ఏర్పడి, లండన్‌కు ప్రతినిధులను పంపి, బిల్లును వెనక్కు తీసుకునేలా చేసింది. నైజీరియాలోని లాగోస్ భూముల విషయంలో 1921లో, వలసరాజ్యాల అప్పీళ్ళను లండన్‌లో చివరగా విచారించే ప్రివీ కౌన్సిల్ ఉమ్మడి భూమి మీద జనుల హక్కును గుర్తించింది. అదే కౌన్సిల్ అంతకు మూడేళ్ళ ముందు, 1918లో, దక్షిణ రొడీషియా వ్యవహారంలో ఆఫ్రికన్ల హక్కును తోసిపుచ్చింది. ఓటమి కథలే ఏరుకుని చదివే వర్గం జాలిపడటం నేర్చుకుంటుంది గాని చరిత్ర నేర్చుకోదు.

మూడో సమావేశం: పోలికలో మనం ఎక్కడ నిలబడతాం

ఇది అన్నిటికన్నా ఇబ్బందికరమైన సమావేశం. అందుకే దీనికి ఎక్కువ సమయం కేటాయించాలి. ఆఫ్రికా కథ వినగానే తెలుగు పాఠకుడు సహజంగా తనను తాను భూమి పోయినవాడి పక్కన నిలబెట్టుకుంటాడు. మనం కూడా వలసపాలన కింద నలిగినవాళ్ళమే కాబట్టి అందులో కొంత న్యాయముంది. కాని మన జిల్లాల్లో నిలబడి ఆ మాట అనేముందు 1917 నాటి మద్రాసు చట్టం ఒకటి చదవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గుణుపురం, రాయగడ, జయపురం విశాఖపట్నం జిల్లాలోనూ, పర్లాకిమిడి గంజాం జిల్లాలోనూ ఉండేవి. ఆ రెండు జిల్లాల ఏజెన్సీలకూ, గోదావరి ఏజెన్సీకీ ఆ చట్టం వర్తించింది. కొండజాతి మనిషి తన భూమిని ఏజెన్సీని పాలించే ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతికి చెందనివారికి బదలాయిస్తే చెల్లదని, వాళ్ళకిచ్చిన అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ రాబట్టరాదని అందులో ఉంది. ఆ రక్షణ ఎవరి నుంచి? అప్పటికే సంతల వెంట కొండెక్కి, ఉప్పూ గుడ్డలూ అరువిచ్చి, అరువు తీరక పల్లపు పొలాలు రాయించుకున్న వ్యాపారుల నుంచి, సావుకార్ల నుంచి. వాళ్ళలో మన ఇంటిపేర్లవాళ్ళు కూడా ఉన్నారు. తరువాత ఇలాంటి బదలాయింపులనే అడ్డుకోవడానికి ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్, ఆంధ్రలో 1959 నాటిది, దాన్ని మరింత బిగించిన 1970 సవరణ వచ్చాయంటే ఆ పని ఆగలేదనే అర్థం.

కాబట్టి పోలిక పట్టిక వేసేటప్పుడు కెన్యా తెల్ల రైతు గడికి ఎదురుగా మన దగ్గర బ్రిటిష్ కలెక్టరును మాత్రమే రాసి ఊరుకోకూడదు. సవర, కొంధు రైతు పొలం ఎవరి చేతికి పోయిందో ఆ పేరు కూడా రాయాలి. తేడాలను కూడా అంతే నిక్కచ్చిగా రాయాలి: ఇక్కడ 999 ఏళ్ళ కౌళ్ళు లేవు, జాతి పేరుతో దేశాన్ని రెండుగా కోసిన చట్టం లేదు, ఇక్కడి ప్రధాన సాధనాలు అప్పు, అడవి చట్టం, ఆ తరువాత ఆనకట్టలూ గనులూ.

దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రస్తావన కూడా ఈ సమావేశంలోనే రావాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా సుమారు లక్షా 52 వేలమంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్ళారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. వాళ్ళు చెరకు నాటిన నేల అంతకుముందు జులూలది. తమ భూమి ఉన్న జులూలు తోటల్లో కూలికి రావడానికి ఇష్టపడకపోవడం వల్లనే తోటల యజమానులు మన తీరానికి ఓడలు పంపారు. ఆ కూలీలను భూమి లాక్కున్నవారనడం అన్యాయం. భూమి పోగొట్టుకున్నవారనడమూ కుదరదు. మళ్ళీ, నివాస ప్రాంతాలను జాతివారీగా విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాళ్ళ మనుమలను కూడా డర్బన్‌లో ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. పట్టికలో వీరికి మూడో వరుస వేయాలి. ఈ వరుస లేకుండా తెలుగువారు ఆఫ్రికా భూముల చరిత్ర చదివితే అది సగం చదువే.

వర్గంలో సవరలో, కొంధులో సభ్యులుగా ఉంటే వారిని సాక్ష్యం చెప్పమని అడగవద్దు. వారంతట వారు చెబితే వినాలి, మధ్యలో సరిదిద్దకూడదు. పట్టా నకళ్ళు తెమ్మనడం, ఖాతా నంబర్లు బోర్డు మీద రాయడం అసలే పనికిరాదు. నడుస్తున్న తగాదాలుంటాయి, ఆ గదిలోనే అవతలి పక్షం బంధువు కూర్చుని ఉండవచ్చు.

నాలుగో సమావేశం: స్వాతంత్ర్యం తరువాత, లెక్క మొదలయ్యే తేదీ

జెండాలు మారాక భూమి ఎందుకు తిరిగి రాలేదన్నది చివరి ప్రశ్న. జింబాబ్వేలో స్వాతంత్ర్యానికి దారితీసిన 1979 లాంకాస్టర్ హౌస్ ఒప్పందం, అమ్మడానికి ఇష్టపడిన యజమాని దగ్గరే భూమి కొనాలన్న షరతును పదేళ్ళపాటు రాజ్యాంగంలో బిగించింది. కెన్యాలో 2010 రాజ్యాంగం వచ్చేదాకా విదేశీయుల 999 ఏళ్ళ కౌళ్ళు 99 ఏళ్ళకు తగ్గలేదు. ఇవి త్వరగా చెప్పి ముందుకు పోవచ్చు.

నిలిచి చదవవలసినది వేటాడి బతికేవారి, పశుపాలకుల గతి. ఆఫ్రికాలో దాదాపు అందరూ ఆ నేల మనుషులే అయినా, మూలవాసులన్న గుర్తింపును ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ప్రత్యేకించి వాడుతున్నది శాన్, ఒగియెక్, బట్వా, మాసాయి వంటి సమూహాలకు. సాగు చేసిన ఆనవాళ్ళు లేని భూమిని ఖాళీ భూమిగా లెక్కగట్టిన వలస చట్టాల దెబ్బ వీరికి మొదట తగిలింది. ఆ ఖాళీ భూములనే స్వతంత్ర ప్రభుత్వాలు అడవులుగా, అభయారణ్యాలుగా వారసత్వంగా పుచ్చుకున్నాయి. బొగోరియా సరస్సు చుట్టూ ఉన్న ఎండొరోయి పశుపాలకులను 1970లలో వెళ్ళగొట్టినది కెన్యా ప్రభుత్వమే. ఉగాండాలో 1991లో బట్వాలు బ్విండి అడవి విడిచిపోవలసి వచ్చింది, గొరిల్లాల రక్షణ పేరుతో.

తీర్పులు చదివేటప్పుడు చివరి ఆదేశాల పేరాతో మొదలుపెట్టాలి. ఉదాహరణకు బోట్స్‌వానాలో మధ్య కలహారి అభయారణ్యం నుంచి తరలించిన శాన్ జనుల కేసులో 2006 డిసెంబరులో హైకోర్టు, వారిని భూమి నుంచి తప్పించడం చట్టవిరుద్ధమంది. కాని అక్కడ నీరు, వైద్యం వంటి సేవలను పునరుద్ధరించాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదని కూడా చెప్పింది. ఎడారిలో భూమి గెలిచి నీరు ఓడిపోయినవారు బోరుబావి వాడుకునే హక్కు కోసం 2011 దాకా మళ్ళీ కోర్టుల చుట్టూ తిరిగారు. కెన్యాలో ఒగియెక్‌ల మావు అడవి వ్యవహారంలో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం 2017 మే 26న వారి పక్షాన తీర్పిచ్చి, 2022లో 15 కోట్ల 78 లక్షల 50 వేల కెన్యా షిల్లింగుల పరిహారం, భూమికి సామూహిక పట్టా ఇవ్వాలని ఆదేశించింది. ఆదేశం ఒకటి, అమలు మరొకటి అన్న సంగతి మనకు తెలియనిది కాదు గనుక, రెండింటికీ బోర్డు మీద వేర్వేరు గళ్ళు వేయండి.

చివరగా రిచ్టర్స్‌వెల్డ్. దక్షిణాఫ్రికాలో 1994 నాటి భూహక్కుల పునరుద్ధరణ చట్టం 1913 జూన్ 19 తరువాత పోయిన భూములకే వర్తిస్తుంది. ఖోయిఖోయి, శాన్ జనుల భూములు అంతకు రెండు శతాబ్దాల ముందు నుంచీ పోతూ వచ్చాయి కాబట్టి, అందరికన్నా ముందు నష్టపోయినవారే చట్టం బయట మిగిలారు. దేశపు వాయవ్య మూలన రిచ్టర్స్‌వెల్డ్‌లోని నామా సమాజం మాత్రం 2003లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచింది. 1847లో బ్రిటన్ ఆ ప్రాంతాన్ని కలుపుకున్నంత మాత్రాన వారి ఆచార చట్టం కింద ఉన్న హక్కు రద్దు కాలేదని, ఖనిజాలతో సహా ఆ భూమి వారిదేనని, 1920లలో వజ్రాలు బయటపడ్డాకనే అది వారి నుంచి పోయిందని కోర్టు తేల్చింది. అంటే ఆ తేదీకి ఇవతల పోయిందని రుజువు కావడం వల్ల గెలిచారు. వజ్రాలు ఇరవై ఏళ్ళు ముందు దొరికి ఉంటే ఆ చట్టం కింద వారి దావా ఏమయ్యేదో వర్గం చర్చించాలి.

ఆ చర్చ ముగిశాక మన 2006 అటవీ హక్కుల చట్టాన్ని తీసి, అందులోని తేదీలను ఇదే కంటితో చదవాలి. షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ అటవీ భూమి మీద ఉండాలి. ఇతర సంప్రదాయ అటవీ నివాసులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, నివాసం చూపించాలి. తేదీ ఎవరు పెట్టారు, దానికి అటు ఎవరు మిగిలిపోయారు, 75 ఏళ్ళ నాటి రుజువు ఏ రికార్డు గదిలో దొరుకుతుంది అన్న మూడు ప్రశ్నలను సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఇంటికి తీసుకువెళ్ళి, తెలిసిన జవాబును సంవత్సరంతో సహా కాగితం మీద రాసి వచ్చేసారి తేవాలి. మాటగా చెప్పినది ఆ రోజుకు లెక్కలోకి తీసుకోవద్దు.